ఇంట్లో రూటరు కూడా ప్రొడక్షనే

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఒక విచిత్రమైన అలవాటుంది. ఆఫీసులో సర్వరు మీద ఒక్క కాన్ఫిగ్ లైను మార్చాలంటే ఛేంజ్ రిక్వెస్టు, ఇద్దరు మేనేజర్ల ఆమోదం, బ్యాకప్, బెడిసికొడితే వెనక్కి వచ్చే దారి, శనివారం అర్ధరాత్రి మెయింటెనెన్స్ విండో... ఇవన్నీ ఉంటేగానీ కీబోర్డు మీద చెయ్యి వెయ్యరు. అదే మనిషి ఇంటికొచ్చాక, అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఇల్లంతా ఆధారపడ్డ రూటరుకి "కొత్త వెర్షను వచ్చిందట, చూద్దాం" అని ఫర్మ్‌వేరు ఎక్కించేస్తాడు. తెల్లారితే భార్యకి క్లయింటు కాలు, పిల్లకి ఆన్‌లైన్ పరీక్ష ఉన్నాయన్న సంగతి రూటరు లైట్లన్నీ ఆరిపోయాక గుర్తొస్తుంది.

ఇది చదివి నేను కస్టం ఫర్మ్‌వేరుకి వ్యతిరేకినని అనుకునేరు. కానే కాదు, నూటికి నూరుపాళ్ళూ అనుకూలమే. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేరు తీసేసి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ లాంటిది ఎక్కించుకోవడం మన హక్కు అనే అంటాను. కాకపోతే ఎక్కించిన నిమిషం నుంచీ ఆ పెట్టెకి తయారీదారూ, కస్టమర్ కేరూ రెండూ మీరే. ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పరు. అందుకే ఈ గొడవంతా.

ముందు కాస్త చరిత్ర. లింక్‌సిస్ వాళ్ళు 2002 డిసెంబరులో డబ్ల్యుఆర్‌టీ54జీ అనే నీలం-నలుపు పెట్టెని మార్కెట్లోకి వదిలారు. 2003లో లింక్‌సిస్‌ని సిస్కో కొనేసింది. అదే ఏడాది ఆ పెట్టె లోపల లినక్సు నడుస్తోందని కెర్నెల్ వాళ్ళు పసిగట్టారు. లినక్సు వాడుకున్నందుకు తప్పేం లేదు. కానీ జీపీఎల్ లైసెన్సు ప్రకారం, ఆ సాఫ్ట్‌వేరుని పంచినప్పుడు దాని సోర్సు కూడా ఇవ్వాలి. ఇవ్వలేదు. ఒత్తిడి పెరిగాక ఆ ఏడాదే సోర్సు బయటపెట్టారు. దాని మీద కట్టుకుంటూ వచ్చినదే 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ. డీడీ-డబ్ల్యుఆర్‌టీ, టొమాటో లాంటివి కూడా ఆ పెట్టె పుణ్యమే. 2005లో వచ్చిన ఐదో వెర్షన్లో లినక్సు తీసేసి వీఎక్స్‌వర్క్స్ పెట్టి, ఫ్లాష్‌ని 2 మెగాబైట్లకీ, ర్యామ్‌ని 8 మెగాబైట్లకీ కోసేశారు. తర్వాత పాత తరహా పెట్టె కావాలన్నవాళ్ళ కోసం లినక్సుతోనే డబ్ల్యుఆర్‌టీ54జీఎల్ అని వేరేగా అమ్మారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మనకి ఈ స్వేచ్ఛ ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. లైసెన్సులో ఒక షరతుంది, దాన్ని అమలు చెయ్యమని కొందరు పట్టుబట్టారు, అందుకని దక్కింది. లైసెన్సు చదివే ఓపిక లేక "ఐ అగ్రీ" నొక్కేసే మనలాంటి వాళ్ళు కాస్త గుర్తుపెట్టుకోవాల్సిన సంగతే.

సరే, ఇప్పుడు ఎందుకు ఎక్కించాలి? చాలామంది చెప్పే కారణం "సిగ్నలు బాగా పెరుగుతుంది" అని. నన్నడిగితే ఇది అన్నిటికంటే చెత్త కారణం. రూటరు పవరు పెంచితే రూటరు గొంతు పెరుగుతుందేగానీ, పడకగదిలో ఉన్న మీ ఫోను గొంతు పెరగదు కదా! మీరు మైకులో అరిచినా అవతలివాడు గొణుగుతుంటే సంభాషణ సాగదు. పైగా ఏ ఛానల్లో ఎంత పవరు వాడాలో ప్రతి దేశానికీ చట్టం ఉంది. ఈ పవరు యావ మన కొంపకే ఎసరు పెట్టబోయింది కూడా. 2015లో అమెరికా ఎఫ్‌సీసీ తన మార్గదర్శకాల్లో డీడీ-డబ్ల్యుఆర్‌టీ పేరెత్తి మరీ, ఇలాంటివి ఎక్కకుండా ఏం ఏర్పాటు చేశారని తయారీదారుల్ని అడిగింది. గోల జరిగాక ఆ మాటలు సవరించింది. 2016లో, పరిమితి దాటి పవరు పెంచుకోనిచ్చే సెట్టింగు విషయంలో టీపీ-లింక్ 2 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. ఆ రాజీలోనే, బయటి ఫర్మ్‌వేరుకి దారి ఉండేలా ఓపెన్‌సోర్సు వాళ్ళతో కలిసి పనిచేస్తానని కూడా ఒప్పుకుంది. కాబట్టి సెట్టింగుల్లో మీరున్న దేశాన్నే పెట్టుకోండి. పక్కదేశం పేరు పెట్టి రెండు గీతలు ఎక్కువ తెచ్చుకోవడం తెలివి కాదు.

అసలు కారణం వేరే ఉంది. రూటరు పాడవదు. ఫ్యాను లేదు, తిరిగే డిస్కు లేదు, పదేళ్ళయినా వెలుగుతూనే ఉంటుంది. దాని లోపలి సాఫ్ట్‌వేరు మాత్రం చాలాసార్లు అంతకంటే ఎంతో ముందే అనాథ అయిపోతుంది. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేరు 54 దేశాల్లో కనీసం 5 లక్షల రూటర్లు, నిల్వ పెట్టెల్లోకి చేరిందని సిస్కో వారి టాలోస్ బృందం చెప్పింది. 2025 మేలో ఎఫ్‌బీఐ, కంపెనీలు అప్‌డేట్లు ఆపేసిన పాత రూటర్లని దొంగలు ఆక్రమించి, వాటి మీదుగా తమ ట్రాఫిక్ నడుపుకుంటున్నారని హెచ్చరిక జారీ చేసింది. అంటే ఎవడో చేసిన నేరానికి మీ ఇంటి ఐపీ అడ్రసు కనబడుతుందన్నమాట. పెట్టె బాగానే ఉంది, తాళం మాత్రం తుప్పు పట్టింది. కొత్త పెట్టె కొనకుండా కొత్త తాళం వేసుకోవడమే కస్టం ఫర్మ్‌వేరు వల్ల నిజమైన లాభం.

అలాగని ఇది తాయెత్తు కాదు. 2009లో డీడీ-డబ్ల్యుఆర్‌టీ వెబ్ పేజీలో పాస్‌వర్డు లేకుండానే రూట్ ఆదేశాలు నడిపించగల కన్నం బయటపడింది. 2020లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ప్యాకేజీలు దించే ఓపీకేజీలో, చెక్‌సమ్ ముందున్న ఒక్క ఖాళీ స్పేసు వల్ల ఆ తనిఖీయే జరగడం లేదని తేలింది. అదీ 2017 నుంచీ! 2024 డిసెంబరులో, అడిగిన వాళ్ళకి ఇమేజి తయారుచేసిచ్చే సర్వర్లో హ్యాష్‌ని 12 అక్షరాలకి కత్తిరించడం వల్ల నకిలీ ఇమేజి అంటగట్టే వీలుందని ఒక పరిశోధకుడు చూపిస్తే, కొన్ని గంటల్లోనే సరిచేశారు. చూశారా, తప్పులు ఇక్కడా ఉంటాయి. తేడా ఏంటంటే ఇక్కడ తప్పుని దాచరు, దిద్దిన వెంటనే చెప్తారు. కానీ ఆ దిద్దుబాటు నడుచుకుంటూ మీ ఇంటికి రాదు. మీరే ఎక్కించాలి. 2013లో ఎక్కించి, "నా దగ్గర ఓపెన్‌సోర్సు ఉంది" అని ఇప్పటికీ మీసం మెలేసేవాడి రూటరుకీ, కంపెనీ వదిలేసిన రూటరుకీ నా దృష్టిలో తేడా లేదు. పెట్టి మర్చిపోయేవాళ్ళు పెట్టకపోవడమే మేలు.

ఇకపోతే అప్‌గ్రేడు సంగతి. ఆఫీసులో చేసే పనే ఇంట్లోనూ చెయ్యమంటున్నాను, అంతే.

మొట్టమొదట పెట్టె తిరగేసి స్టిక్కరు చదవండి. మోడలు పేరు ఒక్కటే చాలదు, వెర్షను నంబరు కావాలి. టీపీ-లింక్ డబ్ల్యుఆర్841ఎన్ అని మనవాళ్ళ ఇళ్ళల్లో బాగా కనిపించిన పెట్టె ఒకటుంది. పేరు ఒకటే, లోపల పద్నాలుగు అవతారాలు. పాతవాటిలో ఒక కంపెనీ చిప్పు, 13వ వెర్షన్నుంచి ఇంకో కంపెనీ చిప్పు. ఒకదాని ఇమేజి ఇంకోదానికి ఎక్కిస్తే మిగిలేది ఇటుకే. ఇలా 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల ర్యామ్ ఉన్న పెట్టెలకి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 19.07తోనే కథ ముగిసింది. ఆ వరస కూడా 2022లో ఆగిపోయింది. అలాంటి పెట్టెకి ఇంకా ఏదో ఎక్కించి బతికిద్దామని చూసేవాళ్ళకి నా సలహా: దండం పెట్టి రీసైక్లింగుకి ఇచ్చెయ్యండి.

రెండోది, ఏ ఫైలు ఎక్కడికో తెలుసుకోండి. కంపెనీ ఫర్మ్‌వేరు మీద మొదటిసారి ఎక్కించేది ఫ్యాక్టరీ ఇమేజి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ నుంచి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీకి వెళ్ళేది సిస్‌అప్‌గ్రేడ్ ఇమేజి. దించుకున్నాక చెక్‌సమ్ సరిచూడండి. ఆఫీసులో అది చూడకుండా ప్రొడక్షన్‌కి పంపిస్తే ఎన్ని మాటలు పడతామో గుర్తు తెచ్చుకోండి.

మూడోది, "సెట్టింగులు అలాగే ఉంచు" అన్న టిక్కుని గుడ్డిగా నమ్మొద్దు. చిన్న వెర్షన్ల మధ్య ఫరవాలేదు. కానీ 21.02లో చాలా పెట్టెల్లో లోపలి స్విచ్చిని నడిపే పద్ధతే డీఎస్‌ఏకి మారింది. పాత వీల్యాన్ సెట్టింగులు కొత్తదానికి అర్థం కావు. అలాంటప్పుడు సెట్టింగులన్నీ తుడిచి మళ్ళీ రాసుకోవడమే పద్ధతి. మీరు విడిగా వేసుకున్న ప్యాకేజీలు కూడా మామూలు సిస్‌అప్‌గ్రేడ్‌లో పోతాయి. ముందే జాబితా రాసుకోండి.

నాలుగోది, పీపీపీఓఈ యూజర్‌నేమూ, పాస్‌వర్డూ, ఫైబరు వాళ్ళిచ్చిన వీల్యాన్ నంబరూ కాగితం మీద రాసుకోండి. ఇంటర్నెట్టు పోయాక, ఇంటర్నెట్టు పాస్‌వర్డు కోసం మెయిల్లో వెతకలేం కదా :) తాజాగా ఎక్కించిన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో సాధారణంగా వైఫై ఆపేసి ఉంటుంది. కాబట్టి నెట్‌వర్క్ కేబులు ఒకటి చేతిలో ఉండాలి. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో ఆ పోర్టే లేకపోతే, అడాప్టరు ముందే తెచ్చుకోండి. అన్నట్టు, మన ఊళ్ళలో ఇంకో ముఖ్యమైన సంగతి: కరెంటు. ఫ్లాష్ రాస్తున్న ఆ రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోతే ఏ చెక్‌సమూ కాపాడదు. యూపీఎస్ మీద పెట్టి చెయ్యండి.

ఇంత చేసినా ఏదో ఒకటి తేడా కొడుతుంది. అక్కడే చాలామంది "అయిపోయింది, ఇటుకైపోయింది" అని గుండెలు బాదుకుంటారు. నిజానికి చాలావరకు అది ఇటుక కాదు. నేను పదేపదే చూసినవి నాలుగున్నాయి.

లాగిన్ పేజీ వస్తుంది, ఇంటర్నెట్టు రాదు. ఫైబరు వాళ్ళు పెట్టిన పెట్టె అడ్రసు చాలాచోట్ల 192.168.1.1. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ తనకి తాను పెట్టుకునే అడ్రసూ అదే. ఇంటికి ముందువైపూ, వెనకవైపూ ఒకటే డోరు నంబరుంటే పోస్ట్‌మ్యాను ఎటు వెళ్తాడు? మీ రూటరు ల్యాన్‌ని 192.168.10.1కి మార్చండి, చాలు.

2.4 గిగాహెర్ట్జ్ వస్తుంది, 5 రాదు. కొన్ని ఛానళ్ళు రాడార్లతో పంచుకునేవి. వాటిమీద ప్రసారం మొదలుపెట్టే ముందు రూటరు కనీసం 60 సెకన్లు నోరుమూసుకుని, రాడార్ ఉందేమోనని వినాలి. మన ఓపిక 20 సెకన్లు. ఈలోపు రీబూట్ చేస్తాం, అది మళ్ళీ మొదట్నుంచి వినడం మొదలెడుతుంది. కాసేపు దాన్నలా వదిలెయ్యండి. లేదా 36 లాంటి ఛానలు పెట్టుకోండి.

కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని సగంలో వేలాడతాయి, పింగ్ మాత్రం భేషుగ్గా వెళ్తుంది. పీపీపీఓఈ తన తలకట్టుకి 8 బైట్లు తీసుకుంటుంది, కాబట్టి 1500 కాస్తా 1492 అవుతుంది. ఆ సంగతి అవతలివైపుకి చెప్పే ఎమ్మెస్సెస్ క్లాంపింగు డబ్ల్యుఏఎన్ జోనులో మామూలుగా ఉంటుంది. ఫైర్‌వాల్ రూల్సు సొంతంగా తిరగరాసినప్పుడు ఎగిరిపోయేది అదే.

ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్ పెట్టుకున్నవాళ్ళకి కరెంటు పోయి వచ్చాక ఏదీ పనిచెయ్యదు. చాలా రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. అందుకని ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ లేవగానే తన ఈటీసీ డైరెక్టరీలో అన్నిటికంటే కొత్త ఫైలు తేదీని చూసి అదే ఈరోజనుకుంటుంది. మూడు నెలలుగా సెట్టింగులు ముట్టుకోకపోతే, మూడు నెలల వెనక నిద్రలేస్తుందన్నమాట. తేదీ తప్పు కాబట్టి సర్టిఫికెట్టు చెల్లకపోవచ్చు, చెల్లకపోతే డీఎన్‌ఎస్ లేదు, డీఎన్‌ఎస్ లేకపోతే టైము చెప్పే సర్వరు పేరు తెలియదు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు! ఒక టైము సర్వరుని పేరుతో కాక ఐపీ అంకెలతో ఇస్తే ఈ ముడి విడిపోతుంది.

ఇవేవీ కాక లాగినే రాకపోతే ఫెయిల్‌సేఫ్ ఉంది. చాలా పెట్టెల్లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ రెండు పొరలు. అడుగున రాయడానికి వీల్లేని స్క్వాష్‌ఎఫ్‌ఎస్, దాని మీద మన మార్పులుండే పలచటి పొర. బూటవుతూ లైటు మినుకుమన్నప్పుడు బటన్ నొక్కితే పైపొరని పక్కనపెట్టి, అడుగుపొరతోనే లేస్తుంది. మీ మెషీనుకి 192.168.1.2 పెట్టుకుని కేబుల్‌తో లోపలికెళ్ళి, తప్పు దిద్దుకోవచ్చు, లేదా పైపొర మొత్తం తుడిచెయ్యొచ్చు. అదీ లేవకపోతే బూట్‌లోడరు టీఎఫ్‌టీపీ ద్వారా ఇమేజి తీసుకుంటుందేమో చూడాలి. పాత టీపీ-లింక్ పెట్టెలు చాలా మటుకు రీసెట్ నొక్కిపెట్టి ఆన్ చేస్తే 192.168.0.66లో ఉన్న కంప్యూటర్ని ఫైలు అడుగుతాయి. ఆఖరి అస్త్రం సీరియల్ పిన్నులు. సాధారణంగా 115200 వేగం, 3.3 వోల్టులు. 5 వోల్టుల కేబుల్ తగిలిస్తే అప్పుడు నిజంగానే ఇటుక. ఈ మూడు దారుల్లో మీ పెట్టెకి ఏది ఉందో ఎక్కించే ముందే తెలుసుకోవాలి. ఆఫీసులో దాన్నే రోల్‌బ్యాక్ ప్లాన్ అంటాం.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. పైవన్నీ మీ ఇంటి సంగతి. మీరు లేని ఇంటి మాటేంటి?

మా అపార్ట్‌మెంటులో ఒక పెద్ద దంపతులున్నారు. కొడుకు విదేశంలో. సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళ రూటరుకి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించి, ప్రకటనలు అడ్డుకునే ఏర్పాట్లూ అవీ చేసి వెళ్ళాడు. పని చాలా శుభ్రంగా చేశాడు, వంక పెట్టడానికి లేదు. కొన్ని నెలలకి లైను పోయింది. కేబుల్ కుర్రాడు వచ్చి చూస్తే తనకి తెలిసిన పేజీ కాదు, పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. తనకి తెలిసిన వైద్యం చేశాడు, రీసెట్ నొక్కాడు. దాంతో వైఫై పేరే గాల్లోంచి మాయమైంది. అప్పటికి పెద్దాయనకి గుండె ఆపరేషనయి రెండు వారాలు. ఫోన్లో బ్యాలెన్సు ఉందో లేదో కూడా వాళ్ళకి తెలియదు, కొడుకుతో రోజూ మాట్లాడేది వైఫై మీద వీడియో కాల్‌లోనే. రెండు రోజులు ఇటు వీళ్ళకీ, అటు అతనికీ నిద్రల్లేవు. ఆవిడ మూడోరోజు లిఫ్టు దగ్గర కనబడి, "నీకు ఈ కంప్యూటర్లు తెలుసు కదమ్మా, ఒకసారి వస్తావా" అని అడిగారు. కేబుల్ పెట్టి, వైఫై ఆన్ చేసి, కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేసి పీపీపీఓఈ వివరాలు కనుక్కుని కొడితే పావుగంట పని.

ఆ పావుగంట పని రెండు రోజులెందుకు ఆగింది? ఫర్మ్‌వేరు తప్పు కాదు. కేబుల్ కుర్రాడి తప్పూ కాదు, అతను రోజుకి ఎన్నో ఇళ్ళు తిరగాలి. ఆ ఇంట్లో ఒక కాగితం లేదు, అంతే. ఒక్క మనిషికే తెలిసిన సిస్టంని ఆఫీసులో మనం ఏమంటాం? రిస్కు అంటాం. ఆ మనిషి సెలవు పెడితే ఏంటని రివ్యూలో నిలదీస్తాం. అమ్మానాన్నల ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న మనకి తట్టదు.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీరు ఉండని ఇంట్లో, మీరు తప్ప ఇంకెవరూ బాగుచెయ్యలేని వస్తువు పెట్టకండి. అక్కడికి ఇంకా అప్‌డేట్లు వస్తున్న మామూలు రూటరు కొని, వాటంతటవే ఎక్కేలా ఆన్ చేసి, ఊరి కేబుల్ అబ్బాయికి అర్థమయ్యేలా వదిలెయ్యడమే ఇంజనీరింగ్. లేదు, పెట్టి తీరతానంటారా? అయితే కంపెనీ సాఫ్ట్‌వేరున్న ఇంకో రూటరుని లైను వివరాలతో సిద్ధం చేసి అల్మారాలో పెట్టండి. "ఇది తీసి అది పెట్టు, నీలం వైరు ఇందులో గుచ్చు" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. దూరం నుంచి బాగుచెయ్యొచ్చు కదా అని అడ్మిన్ పేజీని ఇంటర్నెట్టుకి తెరిచిపెట్టడం మాత్రం వద్దే వద్దు. 2009 నాటి కన్నం గుర్తుంది కదా. అక్కడ మీరు లేనప్పుడు, మీ చేతిలో రీసెట్ బటన్ లేనప్పుడు అప్‌గ్రేడు కూడా చెయ్యకండి. పండక్కి వెళ్తారుగా, అప్పుడు చెయ్యండి.

కొత్తగా కొనేవాళ్ళకి ఒక మాట. గిగాబిట్లూ, యాంటెన్నాల సంఖ్యా చూసి కొనడం మానేసి, ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారని అడగండి. బ్రిటన్లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి వస్తువులకి కనీసం ఎప్పటిదాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తారో తయారీదారు ప్రకటించి తీరాలి. అలాంటి చట్టం మనకీ కావాలని అడగడం తప్పేం కాదు. 2024 చివర్లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వాళ్ళే బనానా పై అనే తయారీదారుతో కలిసి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వన్ అనే రూటరు తెచ్చారు. అందులో బాగుచేసుకునే ఇమేజికి విడిగా ఒక ఫ్లాష్ చిప్పు పెట్టారు. అసలుది పాడుచేసుకున్నా ఒక స్విచ్చి మార్చి లేపొచ్చు. ఇరవయ్యేళ్ళు జనం ఇటుకలు చేసుకున్న అనుభవమంతా ఆ చిన్న చిప్పులో ఉంది.

ఇవాళ ఇంటికెళ్ళాక ఏమీ ఎక్కించకండి. ఊరికే రూటరు తిరగేసి స్టిక్కరు మీద మోడలూ, వెర్షనూ రాసుకోండి. దానికి చివరి అప్‌డేటు ఏ సంవత్సరంలో వచ్చిందో చూడండి. ఆ తర్వాత, మీరు ఊళ్ళో లేనప్పుడు అది ఆగిపోతే ఇంట్లోవాళ్ళు ఎవరికి ఫోన్ చెయ్యాలో అడగండి. దానికి జవాబు "నీకే" అయితే, ఫర్మ్‌వేరు కంటే ముందు ఆ కాగితం సంగతి చూడండి.